మొదటిసారి బండ ఎక్కి, గుట్ట కింద టెంట్‌లో పడుకోవాలంటే: భువనగిరి వైపు రెండు రోజుల పూర్తి ప్లాన్

‘రాక్ క్లైంబింగ్‌కి వెళ్దామనుకుంటున్నాం, ఏ టెంట్ కొనమంటారు?’ చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇదే. టెంట్ సంగతి చివర్లో చూసుకోవచ్చు, అద్దెకు కూడా దొరుకుతుంది. ముందు తేలాల్సింది పైన తాడు ఎవరు కడతారు, కింద ఎవరు పట్టుకుంటారు అన్నది. అది తేలితే మిగతాదంతా మామూలు పిక్నిక్‌కి రెండింతల పని, అంతే.

ఇక్కడ ఇస్తున్నది హైదరాబాద్ నుంచి వెళ్లే ఆరుగురు కొత్తవాళ్ల కోసం రాసిన ప్లాన్. మీరు ముగ్గురైనా, ఎనిమిది మందైనా లెక్క మార్చుకోండి, వరస మాత్రం మార్చకండి.

## 1. ముందు శిక్షకుడు, తర్వాతే తేదీ

యూట్యూబ్ చూసి తాడు కట్టుకుని ఎక్కడం మొదటి ట్రిప్‌కి అసలు వద్దు. బండ పైన తాడు వేసే పని, అంటే యాంకర్, అనుభవం ఉన్నవాళ్ల చేతిలోనే ఉండాలి. కొత్తవాళ్లు నేర్చుకోవాల్సింది కింద పని: ముడి, బిలే (ఎక్కేవారి తాడును కింద నుంచి పట్టి అదుపు చేయడం), ఎక్కడం, దిగడం. మొదటి రెండు రోజులకు అదే చాలా ఎక్కువ.

శిక్షకుడికి ఫోన్ చేసినప్పుడు మొహమాటపడకుండా ఇవి అడగండి:

- ఎక్కడ నేర్చుకున్నారు? డార్జిలింగ్‌లోని హెచ్‌ఎంఐ, ఉత్తరకాశీలోని నిమ్ లాంటి పర్వతారోహణ సంస్థల్లో బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులు ఉంటాయి. నేర్పేవాళ్ల కోసం ‘మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్’ అనే కోర్సు విడిగా ఉంటుంది. అది చేశారా అని అడగండి.
- ఒక్కో శిక్షకుడికి ఎంతమంది? నలుగురు, మహా అయితే ఆరుగురు. ఇద్దరు శిక్షకులుంటే మరీ మంచిది, ఒకరు పైన ఉన్నా ఒకరు మీ పక్కనే ఉంటారు.
- యాంకర్ ఎన్ని చోట్ల కడతారు? కనీసం రెండు వేర్వేరు ఆధారాలకు కట్టాలి. ఒకటి ఊడినా రెండోది ఆపాలి. ‘ఒక్క చెట్టు చాలండీ, గట్టిది’ అనే జవాబు వస్తే వేరే మనిషిని చూసుకోండి.
- హార్నెస్ (నడుముకు, తొడలకు వేసుకునే పట్టీలు), హెల్మెట్, తాడు ఎప్పుడు కొన్నారు? వాటి మీద యూఐఏఏ లేదా సీఈ అనే భద్రతా ప్రమాణాల గుర్తు ఉందా?
- దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసుకెళ్తారు?

ఈ ప్రశ్నలకు విసుక్కునేవాళ్లతో వెళ్లొద్దు. మంచి శిక్షకుడికి ఇవి అడిగేవాళ్లంటేనే ఇష్టం.

## 2. చోటు, అనుమతి

మొదటిసారికి బండ ఎత్తు 10 నుంచి 15 మీటర్లు చాలు. నిటారుగా ఉండే గోడ కాకుండా కాస్త వెనక్కి వాలిన బండ, అంటే స్లాబ్, కావాలి. ఎక్కే దారి, అంటే రూటు, ఎంత కష్టమో చెప్పే ఫ్రెంచ్ గ్రేడులో 4, 5 మధ్యవి అడగండి. పైకి నడిచి వెళ్లే దారి ఉండాలి, కింద నిలబడటానికి చదునైన జాగా ఉండాలి.

భువనగిరి ఈ లెక్కకు సరిపోతుంది. హైదరాబాద్ నుంచి వరంగల్ హైవే మీద సుమారు 50 కిలోమీటర్లు, సికింద్రాబాద్ నుంచి రైలు కూడా ఉంది. కోట ఉన్న ఏకశిల గుట్ట మీద క్లైంబింగ్ నేర్పుతారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ముందుగా శిక్షణ తీసుకున్నది ఈ బండ మీదే.

కోట రక్షిత కట్టడం. అక్కడ మన ఇష్టం వచ్చిన చోట తాడు వేయడం, టెంట్ వేయడం, పొయ్యి వెలిగించడం కుదరదు. క్లైంబింగ్ శిక్షకుల ద్వారా, వాళ్లకు అనుమతి ఉన్న చోటే చేయాలి. క్యాంపింగ్‌కి గుట్ట దిగి, చుట్టుపక్కల క్యాంప్‌సైట్‌లోనో, తెలిసినవాళ్ల మామిడితోటలోనో, పొలంలోనో యజమానిని అడిగి వేసుకోవాలి. రిజర్వు ఫారెస్ట్ అయితే అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. ఊరి సర్పంచికో, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో ఒక మాట చెప్పి ఉంచితే రాత్రిపూట ఎవరైనా టార్చి వేసుకుని వచ్చినా టెన్షన్ ఉండదు.

బెంగళూరులో ఉండే మనవాళ్లకు రామనగర దగ్గర. భువనగిరిలాగే అక్కడా గ్రానైటే. రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం కాబట్టి ఏ గుట్ట మీద ఎక్కనిస్తారో ముందే కనుక్కోండి. బాదామి బండ ఇసుకరాయి. వాన పడ్డాక రాయి లోపల తడి ఉండగా ఎక్కితే పట్టులు విరుగుతాయి. హంపీలో ఎక్కువగా తాడు లేకుండా చిన్న బండలు ఎక్కే బౌల్డరింగ్, దానికి కింద వేసే క్రాష్ ప్యాడ్లు కావాలి. అది వేరే ప్లాన్.

## 3. నెల, వేళ

నవంబరు నుంచి ఫిబ్రవరి. మార్చి దాటితే పొద్దున తొమ్మిదికే బండ మీద చెయ్యి పెట్టలేం. గ్రానైట్ చల్లగా ఉన్నప్పుడు బూటు పట్టు బాగుంటుంది, చేతికి చెమట పట్టదు.

పొద్దున పడమటి వైపు ముఖం నీడలో ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత తూర్పు వైపు. మీ బండ ఎటు చూస్తుందో శిక్షకుడిని అడిగి దాన్నిబట్టి టైమ్ పెట్టుకోండి. రాత్రి వాన పడితే బండ పూర్తిగా ఆరేదాకా ఆగాలి. నాచు పట్టిన నల్లటి చారలు పైకి ఎండినట్టు కనిపించినా జారతాయి.

## 4. ఒంటిని సిద్ధం చేసుకోవడం

జిమ్ కండలు అవసరం లేదు. నాలుగు వారాలు మెట్లు ఎక్కి దిగడం, గుంజీలు, ఒంటికాలి మీద నిలబడటం చాలు. హైదరాబాద్‌లో ఇండోర్ క్లైంబింగ్ గోడలున్నాయి. రెండుసార్లు వెళ్లి హార్నెస్ వేసుకుని తాడు మీద కూర్చోవడం అలవాటు చేసుకుంటే బండ దగ్గర సగం భయం పోతుంది. బీపీ, ఆస్తమా, భుజం జారిన చరిత్ర, తేనెటీగ కాటుకు ఎలర్జీ లాంటివి ఉంటే శిక్షకుడికి ముందే చెప్పండి.

## 5. సామాను

తాడు, యాంకర్ సామాను, హార్నెస్‌లు, హెల్మెట్లు శిక్షకుడివే వాడండి. హార్డ్‌వేర్ షాపు నైలాన్ తాడు, బైక్ హెల్మెట్ రెండూ పనికిరావు. క్లైంబింగ్ హెల్మెట్ పైనుంచి పడే రాయి కోసం చేసింది. కింద నిలబడే వాళ్లూ పెట్టుకోవాలి.

మీరు తెచ్చుకోవాల్సినవి:

- మోకాలు మడిస్తే పట్టేయని పొడుగు ప్యాంటు, కాటన్ లేదా డ్రైఫిట్ టీషర్టు
- క్లైంబింగ్ షూ అద్దెకు. వేళ్లు ముందుకు తగలాలి కానీ నొప్పి పుట్టకూడదు. దొరక్కపోతే పలచని, గట్టి అడుగున్న స్పోర్ట్స్ షూ
- చేతి గోళ్లు, కాలి గోళ్లు కత్తిరించుకుని రావాలి
- ఉంగరాలు, గాజులు, మెడలో పొడుగు గొలుసులు ఇంట్లోనే. ఉంగరం రాతిలో ఇరుక్కుని ఒంటి బరువు దాని మీద పడితే వేలే పోతుంది
- జుట్టు గట్టిగా కట్టుకునే బ్యాండు, చున్నీ వద్దు
- హెడ్‌ల్యాంప్, అదనపు బ్యాటరీలు. ఫోన్ లైటు లెక్కలోకి రాదు
- కింద పరిచే మ్యాట్, దుప్పటి లేదా స్లీపింగ్ బ్యాగ్, ఉన్ని టోపీ
- చెత్తకు రెండు పెద్ద కవర్లు, చిన్న పార, టాయిలెట్ సామాను

మందుల సంచి: బ్యాండేజీలు, వేళ్లకు చుట్టే టేపు, యాంటీసెప్టిక్, క్రేప్ బ్యాండేజ్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పారాసెటమాల్, ఎవరి సొంత మందులు వాళ్లవి.

## 6. నీళ్లు, తిండి

మనిషికి రోజుకు తాగడానికి 4 లీటర్లు, వంటకీ కడుక్కోడానికీ ఇంకో 3. ఆరుగురికి రెండు రోజులకు, రెండో రోజు మధ్యాహ్నం వచ్చేస్తాం కాబట్టి, 20 లీటర్ల క్యాన్లు మూడు పట్టుకెళ్లి ఊళ్లో ఒకసారి నింపుకుంటే సరిపోతుంది. శిక్షకుల వాటా కలపడం మర్చిపోకండి.

మొదటి రోజు మధ్యాహ్నానికి ఇంటి నుంచి పులిహోర. పాడవదు, చల్లారినా బాగుంటుంది. రాత్రికి కుక్కర్లో పెసరపప్పు కిచిడీ, పచ్చడి. పొద్దున అటుకుల ఉప్మా. మధ్యలో పల్లీ చిక్కీ, అరటిపళ్లు, మజ్జిగ. ఎక్కే గంట ముందు కడుపు నిండా తినొద్దు.

పొయ్యికి చిన్న గ్యాస్ స్టవ్. రైల్లో గ్యాస్ డబ్బా తీసుకెళ్లడం నిషేధం, కాబట్టి రైల్లో వెళ్లేవాళ్లు వంట పని క్యాంప్‌సైట్ వాళ్లకే అప్పజెప్పండి. ఎండిన గడ్డి ఉన్న చోట క్యాంప్ ఫైర్ వద్దు. చలికాలం గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.

కోతులు ఉంటాయి. తిండి సంచి జిప్పు వేసినంత మాత్రాన ఆగవు. మూత గట్టిగా పడే డబ్బాల్లో పెట్టి బండిలో ఉంచండి.

## 7. టెంట్ ఎక్కడ వేయాలి

డిసెంబరులో సాయంత్రం 5.45 ప్రాంతానికే పొద్దుగూకుతుంది. నాలుగున్నరకల్లా టెంట్ లేచి ఉండాలి.

వద్దనుకోవాల్సిన జాగాలు: బండ మొదలు దగ్గర (రాళ్లు దొర్లుతాయి), వాగు మధ్యలో, తాటిచెట్టు కింద, ఎండు కొమ్మలున్న పెద్ద చెట్టు కింద, పుట్టల పక్కన, పొదల అంచున, రాళ్ల కుప్పల దగ్గర.

గుట్టల చుట్టూ మొరం నేల గట్టిగా ఉంటుంది, సన్నటి పెగ్గులు వంగిపోతాయి. టెంట్ తాళ్లను పెద్ద రాళ్లకు కట్టండి. మంచు పడుతుంది కాబట్టి పైకప్పు గుడ్డ తప్పకుండా వేయండి. చలి పైనుంచి కాదు, నేల నుంచి ఎక్కువ తగులుతుంది. దుప్పటి ఒకటి తగ్గినా మ్యాట్ తగ్గకూడదు.

టాయిలెట్‌కి నీటి జాగాలకు కనీసం 60 మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంట తవ్వి పూడ్చాలి. ప్యాడ్లు, టిష్యూలు గుంటలో వేయకుండా కవర్లో వెనక్కి తేవాలి. బృందంలో ఆడవాళ్లుంటే ఈ జాగా పగలే చూసి పెట్టండి, రాత్రి వెతుక్కునే పని పెట్టొద్దు.

## 8. తాడు కట్టుకోవడం: తొందరపడకూడని ఐదు నిమిషాలు

హార్నెస్ నడుము పట్టీ తుంటి ఎముకల పైన ఉండాలి. బిగించాక రెండు చేతులతో కిందకి లాగితే తుంటి దాటి రాకూడదు. తొడ పట్టీల్లో రెండు వేళ్లు దూరేంత సందు చాలు. కొన్ని బకిల్స్‌లో పట్టీని వెనక్కి తిప్పి మళ్లీ దూర్చాలి. ఆ రెండో మడత వేశారా లేదా చేత్తో తడిమి చూడండి.

ఇక ఫిగర్ ఎయిట్ ముడి. తాడు కొస నుంచి చేయి చాపినంత, అంటే దాదాపు మీటరు, వదిలి పట్టుకోండి. అక్కడ ఒక మడత చేసి, కొసను వెనకనుంచి ఒక చుట్టు తిప్పి మడతలోకి దూర్చండి. ఎనిమిది అంకె కనిపిస్తుంది. ఇప్పుడు కొసను హార్నెస్ ముందు వైపున్న రెండు లూపుల్లోనుంచి, ముందు తొడల దగ్గరది, తర్వాత నడుముది, కింద నుంచి పైకి లాగండి. ఒక్కదాంట్లోనుంచే దూర్చి వదిలేయడం కొత్తవాళ్లు చేసే తప్పుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది.

తర్వాత మొదటి ఎనిమిది ఎలా వెళ్లిందో అదే దారిలో కొసను వెంట నడిపించండి, రెండు తాళ్లూ పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. పూర్తయ్యాక జతలు లెక్కపెట్టండి: ఐదు జతలు కనిపించాలి. నాలుగే ఉంటే ఎక్కడో తప్పింది, విప్పి మళ్లీ కట్టండి. ముడిలోంచి బయటికొచ్చే నాలుగు తాళ్లనీ ఒక్కొక్కటిగా లాగి బిగించండి. మిగిలిన తోక కనీసం ఆరంగుళాలు ఉండాలి.

ముడి కట్టేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకండి, ఎవరైనా పలకరిస్తే ఒక్క నిమిషం ఆగమనండి. సగంలో వదిలేసిన ముడి పూర్తయినట్టే కనిపిస్తుంది.

ప్రతి ఒక్కరూ, ప్రతిసారీ, ఎక్కే ముందు జంటగా ఇవి చూసుకోవాలి:

- ఇద్దరి బకిల్స్ మడతలు
- ఎక్కేవారి ముడి: రెండు లూపులు, ఐదు జతలు, తోక
- బిలే పరికరంలో (కింద పట్టేవారి హార్నెస్‌కి ఉండి తాడును బిగించి ఆపేది) తాడు సరైన వైపు ఎక్కిందా
- క్యారబీనర్ (తాడు, పరికరం తగిలించే లోహపు కొక్కెం) లాక్ పడిందా: నొక్కి చూడాలి, కంటితో చూస్తే చాలదు
- తాడు రెండో కొసకు ముడి ఉందా
- ఇద్దరికీ హెల్మెట్లు, గడ్డం పట్టీతో సహా

పైన యాంకర్ శిక్షకుడి పని అయినా, ఒక్కటి మీరూ గమనించొచ్చు: ఎక్కే తాడు లోహపు క్యారబీనర్లలోనుంచే పోవాలి. నైలాన్ పట్టీ మీద నేరుగా తాడు రాపాడితే వేడికి పట్టీ కరిగి తెగుతుంది.

## 9. బిలే: ఎక్కడం కంటే ముందు నేర్చుకోవాల్సింది

తాడు పట్టేవాళ్లకు రెండు చేతులు, ఒకే నియమం: బ్రేక్ చెయ్యి, అంటే పరికరం నుంచి కిందకి వచ్చే తాడును పట్టుకున్నది, ఎప్పుడూ వదలదు. దోమ కుట్టినా, ఫోన్ మోగినా వదలదు. తాడు తనంతట తాను బిగుసుకునే రకం పరికరం వాడినా ఈ నియమం మారదు.

చేతుల వరస: పైచెయ్యితో తాడు కిందకి లాగడం, బ్రేక్ చెయ్యితో అదే సమయంలో పరికరంలోనుంచి పైకి లాగడం, వెంటనే బ్రేక్ తాడు కిందకి దించడం, పైచెయ్యిని తెచ్చి బ్రేక్ చెయ్యి కింద పట్టుకోవడం, అప్పుడు బ్రేక్ చెయ్యిని పరికరం వైపు జరపడం. నేల మీద, ఎవరూ ఎక్కకుండానే, చేతులు ఆలోచించకుండా తిరిగేదాకా ఇది చేయాలి. మొదటి రోజు పొద్దున గంటసేపు దీనికే పోయినా ఆ గంట దండగ కాదు.

కొత్తగా పట్టేవాళ్ల వెనక బ్రేక్ తాడును ఇంకొకరు పట్టుకుని నిలబడాలి. ఎక్కేవారు చాలా బరువైతే, పట్టేవారు గోడకు దగ్గరగా నిలబడాలి, అవసరమైతే శిక్షకుడు నేలకు కడతారు.

పిలుపులు ఆరు చాలు: ‘బిలే ఆన్?’, ‘ఆన్’, ‘టేక్’ (బిగించు), ‘స్లాక్’ (వదులు ఇవ్వు), ‘లోయర్’ (దించు), ‘రాయి!’. ప్రతి పిలుపుకూ ముందు పేరు చేర్చండి. పక్కన ఇంకో తాడు ఉంటే ఎవరి ‘టేక్’ ఎవరిదో తెలియక గందరగోళం అవుతుంది.

## 10. ఎక్కడం, దిగడం

మొదట రెండు మీటర్లు ఎక్కి ‘టేక్’ అనండి. తాడు మీద కూర్చోండి, చేతులు వదిలేయండి. తాడు పట్టుకుంటుందని ఒంటికి తెలియాలి. ఆ తర్వాతే పైకి.

గ్రానైట్ స్లాబ్ మీద పట్టుకోవడానికి పెద్దగా ఏమీ కనిపించదు. దగ్గరగా చూస్తే బియ్యపు గింజంత తెల్లటి స్ఫటికాలు, చిన్న గుంటలు ఉంటాయి. బొటనవేలి కింది భాగం అక్కడ ఆనించి, మడమ కాస్త కిందకి దించి, బరువంతా ఆ కాలి మీద వేయండి. భయంతో ఒళ్లు బండకు అతుక్కుంటే బూటు జారుతుంది. నడుము బండకు దూరంగా, బరువు నేరుగా పాదం మీద ఉంటే రబ్బరు పట్టేస్తుంది. అడుగులు చిన్నవి వేయండి.

దిగేటప్పుడు కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలి, కాళ్లు భుజాల వెడల్పు పెట్టి, బండ మీద నడుస్తూ రావాలి. చేత్తో బండను పట్టుకోవద్దు, తాడు ముడినీ పట్టుకోనక్కర్లేదు.

## 11. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

చేతులు మూడు నిమిషాల్లో బిగుసుకుపోతున్నాయి. చేతులతో ఒంటిని లాగుతున్నారు. మోచేతులు చాపి వేలాడండి, కాళ్లతో నెట్టండి. ఆగి ఒక్కో చెయ్యి కిందకి దించి విదిలించండి.

కాలు గడగడ వణుకుతోంది. ఒకే కాలి మునివేళ్ల మీద ఎక్కువసేపు నిలబడ్డారు. మడమ దించండి, ఊపిరి వదలండి, కాలు మార్చండి.

మధ్యలో భయం వేసి కదల్లేకపోతున్నారు. కింద నుంచి ఆరుగురూ ఆరు సలహాలు అరవొద్దు. ఒక్క శిక్షకుడే మాట్లాడాలి. దిగుతానంటే దించేయాలి, ‘ఇంకొంచెమే’ అని బతిమాలొద్దు.

వేళ్ల చర్మం లేస్తోంది. ఎర్రబడగానే టేపు చుట్టండి. రక్తం వచ్చేదాకా ఆగితే రెండో రోజు కింద కూర్చోవాలి.

తాడు నేల మీద మట్టిలో. కింద పట్టా పరిచి దాని మీద వేయండి. తాడును తొక్కొద్దు, ఇసుక రేణువులు లోపలికి దిగి పీచులు కోస్తాయి.

## 12. తేనెటీగలు, పాములు

మన గుట్టల మీద ఎత్తు గురించి పడే భయంలో సగం తేనెపట్టుల మీద పెట్టాలి. కొండ తేనెటీగల పట్టులు బండ చూరుల కింద పెద్దగా వేలాడతాయి. ముందురోజు బైనాక్యులర్‌తో చూడండి, గొర్రెలు కాసేవాళ్లను అడగండి. పట్టు కనిపిస్తే ఆ వైపు రద్దు. పొగ, సెంటు, అరుపులు వద్దు. లేచాయంటే తాడు మీద ఉన్నవారిని వెంటనే దించి, అందరూ ముఖం కప్పుకుని బండిలోకో, ఇంట్లోకో పరుగెత్తాలి. చేతులు ఊపొద్దు. ముల్లును గోటితో గీకి తీసేయండి. పెదాలు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి.

పాములకు: టెంట్ జిప్పు ఎప్పుడూ మూసి ఉంచడం, టెంట్ బయట నేల మీద పడుకోకపోవడం, రాత్రి లైటు లేకుండా అడుగు వేయకపోవడం, పొద్దున బూట్లు దులిపి వేసుకోవడం. తేళ్లకూ ఇదే జాగ్రత్త. కనిపించని సందులో చెయ్యి పెట్టి పట్టు వెతకొద్దు. కట్లపాము కాటు కొన్నిసార్లు నొప్పి, వాపు లేకుండా ఉంటుంది, అనుమానం వచ్చినా ఆసుపత్రికే. కాటు పడ్డ చోట కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయొద్దు. కదలకుండా పడుకోబెట్టి, కాలుకో చేతికో బద్ద కట్టి, 108కి ఫోన్ చేయాలి. భువనగిరిలో ప్రభుత్వాసుపత్రి ఉంది, హైదరాబాద్ దారిలో బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. పాము విషానికి మందు ఎక్కడ ఉందో బయల్దేరే ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి.

## 13. రెండు రోజుల టైమ్‌టేబుల్

మొదటి రోజు
- 5.00: హైదరాబాద్ నుంచి బయల్దేరడం
- 6.30: టిఫిన్, సామాను లెక్క
- 7.15: నేల మీద ముడి, బిలే
- 8.30 నుంచి 11.00: తాడు మీద కూర్చోవడం, మొదటి రూటు
- మధ్యాహ్నం: నీడలో భోజనం, నిద్ర
- 3.30: టెంట్లు
- సాయంత్రం: హెడ్‌ల్యాంప్ వెలుగులో ముడి సాధన, త్వరగా భోజనం, 9.30కి పడక

రెండో రోజు
- 6.00: టీ, అటుకుల ఉప్మా
- 7.00 నుంచి 10.30: రెండో రూటు, బిలే మీరే, శిక్షకుడు వెనక
- 11.00: క్యాంప్ సర్దడం, చెత్త ఏరడం
- 1.00: తిరుగు ప్రయాణం

మొదటి రోజు ఆలస్యమైతే ఎక్కే రూట్లు తగ్గించండి, నేల మీద సాధన తగ్గించొద్దు. రెండో రోజు ఒళ్లు నొప్పులుంటే ఒక్క రూటు చాలు. అలసిన చేతులతో తాడు పట్టుకోవడం ఎక్కేవారికి ప్రమాదం. డ్రైవింగ్ చేసేవారిని పదిన్నర తర్వాత ఎక్కనివ్వొద్దు.

## 14. ఇంటికొచ్చాక

టెంట్ అదే రోజు డాబా మీద ఆరబెట్టండి, మంచు తడితో మడిచిపెడితే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. అద్దె సామాను తిరిగిచ్చేటప్పుడు ఎక్కడైనా పీచు లేచినా, కింద పడి రాతికి తగిలినా దాచకుండా చెప్పండి, అది తర్వాత కట్టుకునేవాళ్ల ప్రాణం సంగతి. వారంలోపు ఇంట్లోనే ఒక తాడు ముక్కతో ఫిగర్ ఎయిట్ మళ్లీ కట్టి చూడండి. జతలు ఐదు రాకపోతే రెండో ట్రిప్ కంటే ముందు ఇండోర్ గోడ దగ్గరికి ఇంకో రెండుసార్లు వెళ్లండి.